బాలరాజు బక్క నిజం

మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా కంప్యూటరున్న ప్రతి దుకాణానికీ బాలరాజు తెలుసు. బాలరాజుకు లొంగని కంప్యూటరు మాత్రం ఈ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదని ఆయనే చెబుతాడు. దూలపల్లిలో రంగుల కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి "అన్నా, సిస్టం లేస్తలేదు" అంటే ఫోన్లోనే ఒకసారి గట్టిగా దగ్గాడట. అవతల పెట్టె దడుచుకుని లేచి కూర్చుందట. సుచిత్ర దగ్గర ఒక డాక్టరు ఇంట్లో పెట్టె మూత విప్పితే లోపల జెర్రిపోతు చుట్ట చుట్టుకుని వెచ్చగా పడుకుని ఉందట. "జర ఆగు తమ్మీ, ఒక్క స్క్రూ ఉన్నది" అన్నాడట. పాము ఆగిందట. స్క్రూ బిగించాక తనంతట తానే దిగి, లిఫ్టు ఖాళీ లేక మెట్ల మీదుగా వెళ్ళిపోయిందట.

ఇదంతా అబద్ధమని కొట్టిపారేయడానికి లేదు. ఆ ఇంట్లో పాము కాదు గాని బల్లి నిజంగానే ఉంది. బాలరాజు అబద్ధమాడే మనిషి కాదు. నిజం బక్కచిక్కి కనిపిస్తే చూడలేడు, అంతే. దాన్ని కూర్చోబెట్టి నాలుగు ముద్దలు పెట్టి, కాస్త ఒళ్ళు చేయించి, మంచి బట్టలు తొడిగి జనంలోకి తోలుతాడు.

పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చినవాడు. ఎందుకు వదిలావని అడిగితే, ప్రిన్సిపాలే స్వయంగా భుజం మీద చెయ్యి వేసి "బాలరాజూ, ఇక నీకు నేర్పడానికి మా దగ్గర సరుకు లేదు నాయనా" అని కళ్ళు తుడుచుకున్నాడని చెబుతాడు. లెక్కల పరీక్ష ఎన్నిసార్లు తప్పాడో ప్రిన్సిపాలూ చెప్పలేదు, బాలరాజూ చెప్పడు. తర్వాత గాజులరామారంలో ఒక నెట్ సెంటర్లో కుర్చీలు తుడుస్తూ, తుడుస్తూ పెట్టెలు విప్పడం నేర్చుకున్నాడు. అప్పటినుంచి భుజాన ఒక సంచి, ఒక పాత బండి, చెప్పడానికి బోలెడు కథలు.

కోతలకు ఒక్కడే ఉంటే సరిపోదు. కోసేవాడికి ఎదురు కోసేవాడుండాలి. బాలరాజుకు ఆ జోడీ గాలయ్య. షామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు, కులమూ ఒకటి కాదు. అయినా అలియాబాద్ చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్లో "ఏం బావా" అంటే "ఏంది బావా" అని మొదలయ్యేది.

"బావా, మొన్న నా ఫోను చెర్ల వడ్డది. కొర్రమట్ట మింగింది," అనేవాడు గాలయ్య.

"మరి రింగు గొట్టినవా?"

"కొట్టిన. ఎత్తింది. గాలయ్య ఇంట్ల లేడు, ఈత కొడ్తాండు, మల్ల జెయ్యిమన్నది."

హోటలంతా గొల్లుమనేది. ఇద్దరిలో తేడా ఒకటుంది. గాలయ్య చెబితే జనం నవ్వి, ఇంటికి పోతూ "ఏమో, ఉన్నా ఉండొచ్చు" అనుకునేవాళ్ళు. బాలరాజు చెబితే నవ్వేవాళ్ళు, అంతటితో సరి. ఈ తేడా బాలరాజుకూ తెలుసు. దాన్ని ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు. నవ్వితే చాలనుకునేవాడు.

గాలయ్యకు ఒక్కతే కూతురు, అశ్రిత. డిగ్రీ చదివి తూముకుంటలో ఒక మందుల దుకాణంలో పనిచేసేది. బాలరాజును మామా అని పిలిచేది. చిన్నప్పుడు ఆ పిల్లకు దుమ్ము పడేది కాదు. ఎండాకాలం వస్తే రాత్రంతా దగ్గుతూ నిద్రపోయేది కాదు. తల్లి ఐలమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే, గాలయ్య ఒకవైపు, బాలరాజు ఒకవైపు కూర్చుని చేపల కథలూ కంప్యూటర్ల కథలూ పోటీలు పడి చెప్పేవాళ్ళు. దగ్గు తగ్గేది కాదు గాని పిల్ల నవ్వేది. నవ్వు వస్తే మళ్ళీ దగ్గు వచ్చేది. "ఊకోన్రి ఇద్దరు, పొల్లను సంపుతరా ఏంది" అని ఐలమ్మ ఇద్దరినీ తిట్టేది.

ఆ పిల్ల పెళ్ళికి ముందు గాలయ్యకు ఛాతీలో నొప్పి వచ్చింది. పెద్దాసుపత్రిలో చూసి, ఇక నీళ్ళలో దిగొద్దు, వల లాగొద్దు అన్నారు. గాలయ్య తల ఊపి వచ్చి, తెల్లారి వల భుజాన వేసుకుని చెరువుకు పోయాడు. అశ్రిత బతిమాలింది. అరిచింది. చివరికి తండ్రి చాయ్ తాగడానికి పోయిన వేళ చూసి, ఆ వల తీసుకెళ్ళి మజీద్‌పూర్‌లో తమ చుట్టాలకు ఇచ్చేసి వచ్చింది.

ఆ రోజుతో గాలయ్య కూతురితో మాట బంద్ చేశాడు. అదేం మాట బంద్ అని అడగొద్దు. కూతురు ఎదురుగా నిలబడి ఉండగానే "ఐలమ్మా, నీ బిడ్డకు జెప్పు, కూరల ఉప్పు తక్కువైందని" అనేవాడు. కూతురు "అవ్వా, నీ మొగనికి జెప్పు, డాక్టరు ఉప్పు తక్కువ తినుమన్నడని" అనేది. మధ్యలో ఐలమ్మ ఇద్దరికీ టెలిఫోన్ తీగలా తిరిగేది. చూసేవాళ్ళకు నవ్వొచ్చేది. బాలరాజు దాన్ని కూడా హోటల్లో కథ చేసి చెప్పాడు. కాని ఆ అలక పెళ్ళిచూపుల దాకా సాగింది. పెళ్ళి ఖాయమైన దాకా సాగింది. పెళ్ళి పందిట్లోనూ తెగలేదు.

పెళ్ళి అలియాబాద్ దాటాక రోడ్డు పక్కనున్న ఫంక్షన్ హాల్లో జరిగింది. పిల్లవాడు గాజులరామారంలో ఎలక్ట్రీషియను, నెమ్మదస్తుడు. అప్పగింతల వేళ అశ్రిత అందరి కాళ్ళకూ మొక్కి, తండ్రి కోసం చుట్టూ చూసింది. గాలయ్య అక్కడ లేడు. గేటు అవతల, జనరేటర్ బండి వెనక నిలబడి ఉన్నాడు. పక్కన బాలరాజు.

"పో బావా. ఒక్క మాట మాట్లాడు. పొల్ల నీ కోసమే సూస్తాంది."

"మాట్లాడితె ఏడుస్త బావా. గింత మందిల మంచిగుంటదా?"

"నేనున్న గద. నీకంటె గట్టిగ ఏడుస్త. అందరు నన్నే సూస్తరు, నిన్నెవడు సూస్తడు."

గాలయ్యకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కారు కదిలింది. సరిగ్గా అప్పుడే కంకర టిప్పరొకటి హారను మోగిస్తూ పోయింది. రోడ్డంతా దుమ్ము లేచింది. కారు వెనక సీటు పక్క అద్దం దించి ఉంది. అశ్రిత తల బయటికి పెట్టి తండ్రిని చూసింది. గాలయ్య ఒక చేత్తో తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యెత్తి వేళ్ళు పైకి పైకి విసురుతూ అరిచాడు.

"అద్దం ఎక్కియ్ బిడ్డా! దుమ్ము, దుమ్ము! అద్దం ఎక్కియ్!"

పక్కన జనరేటరు రొద, ముందు బ్యాండు మోత, రోడ్డు మీద టిప్పరు. కారు వెళ్ళిపోయింది. గాలయ్య చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"దానికి దుమ్ము వడది బావా," అన్నాడు తువ్వాల వెనకనుంచే. "రాత్రంత దగ్గుతది. ఆ పిలగానికి ఎవలన్న జెప్పిన్రో లేదో. కోపం గీపం ఏం లేదు, ఉత్తదే. రేపు వచ్చినంక నేనే మాట్లాడ్త."

ఈ మాటలకు బాలరాజు ఒక్క ముద్ద కూడా తినిపించలేదు. ఇవి ఉన్నవి ఉన్నట్టే. పెళ్ళి వీడియో తీసే స్టూడియో వాళ్ళ రెండో కెమెరా గాలయ్య ముఖానికి మూరెడు దూరంలోనే ఉంది. దాని నెత్తిన మాట పట్టుకునే చిన్న రికార్డరు కూడా ఉంది.

మాట్లాడడం మాత్రం కాలేదు. అశ్రిత తిరిగి పుట్టింటికి రాకముందే, ఒక పొద్దున గాలయ్య చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే మంచం మీద పక్కకు ఒరిగాడు. చెరువులో పోతాడని అందరూ భయపడ్డ మనిషి ఇంట్లో, పొడి బట్టలతో పోయాడు.

దినాల నాడు జనం తిని లేచాక, ఇంటి వెనక అశ్రిత పక్కన బాలరాజు కూర్చున్నాడు. ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి.

"మామా, మనల్ల ఆడివిల్లను సాగదోలేటప్పుడు ఏమంటరు?"

"పోయిరా అంటరు బిడ్డా."

"మా నాయిన పో అన్నడు. నేను కార్లకెల్లి జూసిన. కోడిని గొట్టినట్టు చెయ్యి విసిరి పో, పో అన్నడు. వల ఇచ్చేసిన కోపం పోలె మామా. గా కోపంతోనే పోయిండు."

బాలరాజు ఆమె వైపు తిరిగాడు. "గట్ల గాదు బిడ్డా. అద్దం ఎక్కియ్ అన్నడు. దుమ్ము లేస్తాందని. నేను పక్కనే ఉన్న."

అశ్రిత ఆయన వైపు చూసింది. కోపంగా కాదు, అలసిపోయి చూసింది. "ఇయ్యాల గూడ కతలేనా మామా?"

అప్పుడే అటువచ్చిన ఐలమ్మ కూడా "ఊకో అన్నా, ఎందుకు దాన్ని ఇంకింత ఏడిపిస్తవు" అంది.

 బాలరాజు నోట మాట ఆగడం ఆ ఇంట్లో అందరికీ కొత్త. లేచి నిలబడ్డాడు.

"నా మాట నమ్మకు బిడ్డా. నమ్మొద్దు. వీడియోల ఉన్నది. కెమెరా మీ నాయిన మొకం మీదనే ఉండె. గా మాట తెచ్చి నీ చెవుల వెడ్త."

జీవితంలో ఎన్నో గొప్పలు చెప్పాడు గాని, నెరవేరి తీరాలని కోరుకుంటూ చెప్పిన గొప్ప ఇదొక్కటే.

పెళ్ళి వీడియో తీసింది మేడ్చల్‌లోని సిద్దిరాములు స్టూడియో. బస్సు డిపో వెనక సందులో రెండు గదులు. ముందు గదిలో రెండు కంప్యూటర్లుంటాయి. వాటిలో పెళ్ళిళ్ళేవీ ఉండవు. పెళ్ళిళ్ళన్నీ వెనక గదిలోని పెద్ద డబ్బాలో ఉంటాయి. ముందువి తీగ ద్వారా ఆ డబ్బా చెయ్యి పట్టుకుని పనిచేస్తాయి. అందులోంచి తీసుకుంటాయి, పని కాగానే మళ్ళీ అందులోకే అప్పజెబుతాయి. తీగలన్నీ ఒకచోట కలిసే చిన్న పెట్టె ఒకటి వెనక గది గోడకుంది. ఆకుపచ్చ లైట్లు మిణుకుమంటూ ఉంటుంది.

ఈ స్టూడియోకు బాలరాజు పాతకాపే. అక్కడ ఒక విచిత్రమైన జబ్బు ఉండేది. పొద్దంతా కంప్యూటర్లు గుర్రాల్లా నడిచేవి. సాయంత్రం బంద్ చేసేటప్పుడే మొండికేసేవి. షట్‌డౌన్ కొడితే చక్రం తిరిగి తిరిగి, తెర నల్లబడి, తెల్ల అక్షరాలు బిలబిలా పారి, అక్కడే బిగుసుకుపోయేవి. పెళ్ళికి చాలా ముందే సిద్దిరాములు పిలిపించి చూపించాడు. బాలరాజు మెమరీ మార్చాడు. ఫ్యాను ఊడదీసి బ్రష్షుతో తోమాడు. ఎర్తింగు తప్పన్నాడు, బల్లి తప్పన్నాడు, ఒకరోజు గాలి తప్పని కూడా అన్నాడు. జబ్బు మాత్రం దొరకలేదు. "నాకు తెలుస్తలేదు" అనే మాట బాలరాజు గొంతులోంచి రావడానికి దారి లేదు. అందుకని సంచి సర్దుకుంటూ దర్జాగా చెప్పాడు: "మెషీనుకు జర బద్ధకం. బిగుసుకుంటె బటన్ గట్టిగ నొక్కి వట్టుండ్రి. ఆగుతది. ఏం గాదు."

అప్పటినుంచి వాళ్ళు అలాగే చేస్తున్నారు.

ఇప్పుడు బాలరాజు వచ్చి అప్పగింతల వీడియో అడిగాడు. బొమ్మల్ని కోసి అతికే పని రోజారాణిది. సుచిత్ర నుంచి రోజూ బస్సులో వస్తుంది, కళ్ళద్దాల అమ్మాయి. వెతికింది. మళ్ళీ వెతికింది.

"అన్నా, బొమ్మ ఉన్నది. మాట లేదు."

"మాట ఎందుకుండది?"

"ఆ కెమెరాల మైకు ఖరాబైంది. అందుకే నెత్తి మీద రికార్డరు వెట్టినం. బొమ్మ ఒక ఫైలు, మాట ఒక ఫైలు. మాట ఫైలు పేరు ఉన్నది. లోపట సున్న."

"రికార్డరుల కార్డు?"

"తెల్లారి కండ్లకోయ పెండ్లికి గదే కార్డు వాడినం. పాతది తుడిచినంకనే గద కొత్తది ఎక్కేది. ఆఖర్న ఎక్కించింది మాట ఫైలే. కాపీ అయిందనే సూపిచ్చింది అన్నా. బంద్ జేసేటప్పుడు రోజు లెక్కనే బిగుసుకున్నది." కళ్ళద్దాలు సవరించుకుంది. "నువ్వు జెప్పినట్టే బటన్ నొక్కిన."

నిందగా అనలేదు ఆ పిల్ల. నిజంగానే సంజాయిషీగా చెప్పింది. అదే బాలరాజుకు ఎక్కువ తగిలింది.

ఆ రోజు ఆయన సంచి విప్పలేదు. స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. ఒక కుర్చీ వెనక గది గుమ్మంలో వేసుకుని, రెండు గదులూ కనిపించేలా కూర్చున్నాడు. చాయ్ తెస్తే తాగాడు. కథ చెప్పమంటే చెప్పలేదు.

సాయంత్రమైంది. సిద్దిరాములు చేతులు కడుక్కుని వెనక గదిలోకి వెళ్ళాడు. అక్కడ గోడకు దేవుడి పటం, పటం చుట్టూ రంగుల సీరియల్ లైటు. సిద్దిరాములు తల్లి బుచ్చవ్వ బతికున్నప్పుడు పెట్టిన నియమం ఒకటి ఆ దుకాణంలో ఇప్పటికీ నడుస్తోంది. ముందు దేవుణ్ణి పడుకోబెట్టాలి, ఆ తర్వాతే మనం పని చాలించాలి. పని మనం ముందు ఆపి, దేవుణ్ణి కాపలాకు వదిలేసి పోతామా అని ఆమె వాదన. సిద్దిరాములు కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. "పోయొస్త సామీ" అన్నాడు. పటం కింది బోర్డులో స్విచ్చి తీశాడు.

సీరియల్ లైటు ఆరింది. దానితోపాటే, పక్కనున్న తీగల పెట్టె ఆకుపచ్చ లైట్లు కూడా ఆరిపోయాయి.

బాలరాజు కుర్చీలోంచి లేచాడు. "సిద్దన్నా, గా పెట్టె పిన్ను ఈ బోర్డుకు ఎప్పుడు వచ్చింది?"

"సీరియల్ లైటు కొత్తది కొన్నప్పుడు. ఇంకో బోర్డుల ఖాళీ లేకుండె. రెండు దీంట్లనే వెట్టిన. ఏమైంది?"

"రోజా, ఇగ నువ్వు బంద్ గొట్టు."

రోజారాణి కొట్టింది. చక్రం తిరిగింది. తెర నల్లబడింది. తెల్ల అక్షరాలు పారాయి. బిగుసుకుంది.

"సూసినవా," అన్నాడు బాలరాజు. గొంతులో ఎప్పటి గొప్ప లేదు. "ముందు దేవుడు పండిండు. ఆయనతోని తీగల పెట్టె గూడ పండింది. ఇగ ఈ కంప్యూటరు వెనక డబ్బకు పోయొస్త జెప్పాలె. చేతులున్న సామాను అప్పజెప్పాలె. ఎట్ల జెప్తది? దారే లేదు. గా డబ్బను పిలుస్తది, పిలుస్తది, పిలుస్తనే బిగుసుకుంటది."

"కాపీ అయిందని సూపిచ్చింది గద?"

"తన చేతిలకు వచ్చిందని సూపిచ్చింది. అటు చేరిందని గాదు. కొంచెం కొంచెం పంపుతనే ఉంటది అది. మనకు కండ్లవడది."

"మరి బటన్ నొక్కితె?"

"చేతిల సామాను కింద వడేసి సస్తది."

రోజారాణి తెర వైపు చూసింది, తర్వాత బాలరాజు వైపు. "అంటె గాలయ్యన్న మాట..."

 బాలరాజు వెనక గదిలోకి వెళ్ళి తీగల పెట్టె పిన్ను పీకి, ఇంకో బోర్డులో ఫ్యాను పిన్ను తీసేసి అక్కడ గుచ్చాడు. కంప్యూటర్లను మళ్ళీ లేపించాడు. దేవుడి లైటు వెలిగించి మళ్ళీ ఆర్పించాడు. ఈసారి ఆకుపచ్చ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. రోజారాణి బంద్ కొట్టింది. కంప్యూటరు ఒక్క ఊపిరి తీసి, మెత్తగా ఆగిపోయింది.

"అంతేనా?" అన్నాడు సిద్దిరాములు. "గింత దానికేనా అన్నా ఇన్ని రోజులు పరేషాన్ అయినం? నువ్వు ఇగ దీన్ని ఊరంత జెప్తవు గద."

మరో రోజైతే చెప్పేవాడే. దేవుడు స్వయంగా కల్లోకి వచ్చి పిన్ను చూపించాడని, అలియాబాద్ చౌరస్తాలో చాయ్‌కు చాయ్ కొత్త రెక్కలు తొడిగి చెప్పేవాడు. ఆ రోజు మాత్రం సంచి తీసుకుని బండెక్కాడు.

రికార్డరు కార్డునూ, వెనక డబ్బా డిస్కునూ సుచిత్రలో తెలిసినవాడి దగ్గరికి మోసుకెళ్ళాడు. పోయిన వాటిని వెనక్కి లాగే సాఫ్ట్‌వేర్లు ఎన్ని ఉంటే అన్నీ నడిపించారు. డబ్బాలో ఏమీ లేదు. కార్డులో మాత్రం ఒకచోట ఏదో దొరికింది. ఇద్దరూ చెరొక ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని ఊపిరి బిగబట్టి విన్నారు. గాలయ్య మాట ఉండాల్సిన చోట కండ్లకోయ పెళ్ళి బ్యాండు మోగింది. బాలరాజు దాన్ని చివరిదాకా విన్నాడు. బ్యాండు వెనకనుంచి ఎక్కడైనా ఒక ముక్క, సగం ముక్క తొంగి చూస్తుందేమోనని విన్నాడు. ఎవరిదో బారాత్ సాంతం ఊరేగిపోయింది.

తర్వాత అశ్రితకు ఎదురుపడకుండా తిరిగాడు. షామీర్‌పేట దిక్కు పని వస్తే వేరేవాళ్ళకు అప్పగించాడు. చాయ్ హోటల్లో అడిగితే మెషీన్లు ఎక్కువయ్యాయి, తీరిక లేదు అన్నాడు. చివరికి ఆ పిల్లే స్కూటీ మీద మేడ్చల్ వచ్చింది. బాలరాజు ఎక్కడున్నాడో ఫోన్లో కనుక్కుని, నేరుగా స్టూడియో మెట్ల దగ్గర దిగింది.

"మామా, మాట తెస్తనని జెప్పి మొకం సాటేస్తున్నవేంది?"

"మాట రాలె బిడ్డా. మెషీన్ల చచ్చిపోయింది. ఉత్త బొమ్మ ఉన్నది."

"బొమ్మనే జూస్త."

"బొమ్మ జూడకు. మాట లేని బొమ్మ మంచిగ లేదు."

"మా నాయిన మొకం మామా. జూడొద్దంటవా?"

ఆయన పక్కకు జరిగి లోపలికి దారిచ్చాడు. రోజారాణి కుర్చీ జరిపి చోటిచ్చి, వీడియో పెట్టింది.

తెర మీద గాలయ్య వచ్చాడు. కొత్త చొక్కా. నోటికి అడ్డంగా తువ్వాల, పెదవులు కనిపించవు. పైన ఎర్రబడ్డ కళ్ళు. కెమెరా ఆయన వైపే తిరిగి ఉంది కనుక కారు లేదు, టిప్పరు లేదు, దుమ్ము లేదు. జనరేటరు రొద కూడా లేదు. చెయ్యి లేచింది. వేళ్ళు ఒకసారి విసిరాయి, మళ్ళీ విసిరాయి, మళ్ళీ. చప్పుడంతా తీసేస్తే ఆ చెయ్యి ఒక్కటే మాట చెబుతోంది. ఒక మూల బాలరాజు కూడా ఉన్నాడు. నోరు మూసుకుని ఉన్నాడు. ఆయన నోరు మూసుకుని ఉండగా పడ్డ బొమ్మ ఈ భూమ్మీద అదొక్కటే అయి ఉంటుంది.

"మల్లొక్కపారి వెట్టు అక్కా," అంది అశ్రిత.

రోజారాణి మళ్ళీ పెట్టింది.

"పో అంటాండు," అంది అశ్రిత మెల్లగా. "నేను సక్కగనే జూసిన. ఏమో, ఆ దుమ్ముల తప్పు జూసిన్నేమో అనుకున్న ఇన్ని రోజులు."

"గాదు బిడ్డా..." బాలరాజు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఆ పిల్ల కుర్చీ పక్కన. "అద్దం... కారు అద్దం ఎక్కియ్ అన్నడు. టిప్పరు వోయింది సూడు, అప్పుడు. దుమ్ము, దుమ్ము అన్నడు. నువ్వు వోయినంక... నాతోని అన్నడు... నీకు వడదని. రాత్రంత దగ్గుతవని. కోపం ఉత్తదేనన్నడు. వచ్చినంక నేనే మాట్లాడ్త అన్నడు."

పామును ఆపిన కథ తడుముకోకుండా చెప్పే నోరది. ఈ నాలుగు ముక్కల దగ్గర అడుగడుగునా తడబడింది. చెప్పింది ఎలా వినిపించిందో చెబుతుండగానే ఆయనకు తెలిసిపోయింది. అప్పటికప్పుడు అల్లుతున్నట్టే వినిపించింది.

అశ్రిత ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకు దుమ్ము వడదని నీకు ఎర్కలేదా మామా? నేను దగ్గుతుంటె కతలు జెప్పింది నువ్వే గద."

"ఒట్టు బిడ్డా."

"పాము ఆగిందని గూడ ఒట్టు వెట్టినవ్." ఆ పిల్ల నవ్వింది. కళ్ళలో నీళ్ళు నిండి ఉండగానే, చిన్నప్పుడు దగ్గు మధ్యలో నవ్విన నవ్వే. "మంచిగ గట్టినవ్ మామా. నిజంగ. నాయిన ఉంటె ఆయన గూడ గింత మంచిగ గట్టకపోవు. నా కోసం గట్టినవ్ గద, గది సాలు."

బాలరాజు నోరు తెరిచాడు. ఇంకేం చెప్పినా అది ఆ కథకు ఇంకో ముద్ద తినిపించినట్టే అవుతుంది. పాము కథ చెప్పినప్పుడు గాలయ్య పక్కనే ఉండేవాడు, అవును నిజమే అనడానికి. ఇప్పుడు నిజమే అనేవాడు ఎవడూ లేడు. నోరు మూసుకున్నాడు.

అశ్రిత లేచి చున్నీతో ముఖం తుడుచుకుంది. ఆ బొమ్మ తన ఫోనుకు పంపమని రోజారాణికి చెప్పింది.

"మాట లేదు గదమ్మా," అంది రోజారాణి.

"ఉన్నది చాలు అక్కా. కోపంల ఉన్న మొకమైనా మా నాయినదే గద." గుమ్మం దగ్గర ఆగి "పోయొస్త మామా" అంది.

"పోయిరా బిడ్డా," అన్నాడు బాలరాజు.

ఆ పిల్ల స్కూటీని సందు చివరిదాకా నడిపించుకుని వెళ్ళి ఎక్కింది. హెల్మెటు పెట్టుకుంది గాని అద్దం పైకే ఉంది. మెయిన్ రోడ్డు మీద కంకర టిప్పరొకటి సుచిత్ర దిక్కు నుంచి వస్తోంది, వెనక తెల్లటి దుమ్ము లేపుకుంటూ. బాలరాజు మెట్ల మీదికి పరుగెత్తాడు. అద్దం దించుకో బిడ్డా అని అరవడానికి నోరు తెరిచాడు. టిప్పరు రొదలో ఆ మాట ఆమె దాకా పోదు. ఆ పిల్ల తిరిగి చూసింది. బాలరాజు చెయ్యెత్తబోయాడు. అద్దం దించుకొమ్మని వేళ్ళు ఎలా ఆడిస్తే తెలుస్తుందో ఒక్క క్షణం ఆలోచించాడు. ఎలా ఆడించినా అక్కణ్ణుంచి చూస్తే అది పో, పో అన్నట్టే ఉంటుంది.

సగం లేచిన చెయ్యి దించి జేబులో పెట్టుకున్నాడు.

టిప్పరు పోయింది. దుమ్ములో ఎవరో దగ్గుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి స్కూటీ చప్పుడు, తర్వాత అదీ లేదు.